బల్ల కబుర్లు

బట్టలు కుట్టే ఆవిడ ఎక్కువ మాట్లాడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. పొగరనుకునేరు, కాదు. పని అలాంటిది. పొద్దున దుకాణం తలుపులు తీసింది మొదలు పెదాల మధ్య గుండుసూదులు బిగించి ఉంటుంది. నోట్లో సూదులున్న మనిషి ఊఁ అనగలదు, ఊఁహూఁ అనగలదు, మరీ అవసరమైతే కనుబొమలు ఎగరెయ్యగలదు. చొక్కా భుజాలు జారాయనో, లాగు పొట్టిదైందనో పోట్లాటకి వచ్చినవాళ్ళు ఎంత అరిచినా అవతల్నించి ఊఁ తప్ప ఇంకేమీ రాదు. గోడతో ఎంతసేపని పోట్లాడతారు? వాళ్ళే నీరసపడి వెళ్ళిపోయేవారు. ఆవిణ్ణి అందరూ సూదులమ్మ అనేవారు. చాటున కాదు, మొహం మీదే అనేవారు. ఆవిడ ఊఁ అనేది.

సూదులమ్మకి ఉన్నదల్లా అక్క కొడుకు. అక్క పోయాక వాణ్ణి పెంచింది ఈవిడే. పెంపకంలో కూడా మాటల ఖర్చు తక్కువే. వాడు సైన్యంలో చేరతానన్న రోజున సూదులు తీసి పక్కన పెట్టి, "చలికి ఓర్చుకోగలవా?" అని ఒక్కటే అడిగింది. ఓర్చుకోగలనన్నాడు. మర్నాడే వెళ్ళి ఊలు కొనుక్కొచ్చింది.

వాణ్ణి ఎక్కడో కొండ మీద సరిహద్దు శిబిరానికి వేశారు. లారీ నడపడం పని. అప్పట్నించీ నెలనెలా సూదులమ్మ పార్సిల్ పంపేది. ఊలు మేజోళ్ళు, సబ్బులు, బిస్కెట్లు, పగిలిన పెదాలకి రాసుకునే మైనం, గుండీలు, దారం. అన్నీ అట్టపెట్టెలో సర్ది, పైన మందపాటి గుడ్డ వేసి చుట్టూ తనే కుట్టేది. ఆ కుట్టు చూసి పోస్టాఫీసు గుమాస్తా, "ఇది శత్రువుల చేతికి దొరికినా భయం లేదమ్మా, విప్పలేరు" అనేవాడు. లోపల ఉత్తరం కూడా పెట్టేది. ప్రతి ఉత్తరమూ ఒకటే. "చిరంజీవికి. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. మేజోళ్ళు పంపాను. తొడుక్కో. ఇట్లు, పిన్ని." ఇక్కడ అందరం అంటే ఆవిడ ఒక్కతే.

చలి ముదిరే రోజుల్లో వాడి దగ్గర్నించి జవాబొచ్చింది.

"పిన్నీ, పార్సిల్ అందింది. నీ కుట్టు విప్పడానికి కత్తి వాడాం. ఒక మేజోడు కొస తెగింది. ఫరవాలేదు, ఈ కొండ మీద నా దగ్గర ఉన్నన్ని మేజోళ్ళు ఎవరి దగ్గరా లేవు. ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. ఇక్కడ ఉత్తరాలు రానివాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఎవరికి ఉత్తరం వచ్చినా పొయ్యి చుట్టూ కూర్చుని పైకి చదవాలని పద్ధతి పెట్టుకున్నాం. వంటాయన భార్య రాస్తే టీ రెండుసార్లు కాచుకోవాలి. నీ ఉత్తరమేమో జనం కూర్చునేలోపే అయిపోతోంది. మాలో ఒకాయన ఉన్నాడు, పొడుగని నిచ్చెన అని పిలుస్తాం. పోయినసారి ఆయన మోకాళ్ళు మడిచి కింద కూలబడేసరికి నేను 'ఇట్లు, పిన్ని' అనేశాను. పాపం మళ్ళీ లేచాడు. ఏదో ఒకటి రాయి పిన్నీ. మన వీధిలో ఎవరు ఎవరితో పోట్లాడుకుంటున్నారో రాసినా చాలు."

సూదులమ్మ ఆ ఉత్తరం చదివి మడిచి మిషను సొరుగులో పెట్టింది. చిన్నతనంగా అనిపించింది. మేజోళ్ళ మీద పెట్టిన శ్రద్ధ మాటల మీద పెట్టలేదన్నమాట. తల తిప్పి కిటికీలోంచి ఎదురుగా చూసింది. ఎదురుగా పోట్లాట సిద్ధంగానే ఉంది.

ఎదర రెండు దుకాణాలు. ఒకటి సైకిల్ షాపు, రెండోది సెలూన్. మధ్యలో ఒకే గోడ. సైకిల్ షాపాయన బావ, సెలూనాయన బావమరిది. బావగారి పెళ్ళాం సెలూనాయనకి సొంత అక్క. బావకీ బావమరిదికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. చెప్పాల్సింది ఉంటే ఆవిడ ద్వారా చెప్పుకుంటారు. "మీ తమ్ముడికి చెప్పు, వాడి వెంట్రుకలు నా షాపులోకి ఎగిరొస్తున్నాయని." "మీ ఆయనకి చెప్పక్కా, వెంట్రుకలకి రెక్కలుండవని." ఇద్దరూ బారెడు దూరంలోనే నిలబడి ఉంటారు. ఆవిడ ఇద్దరి మధ్యా నిలబడి, "విన్నారుగా" అంటుంది. ఆవిడ ఉద్యోగం అంతే.

తగువంతా రెండు షాపుల ముందూ ఉన్న చెక్క బల్ల గురించి. పొడుగాటి బల్ల, సగం ఇటు, సగం అటు. దాన్నిచ్చింది పెద్దాయన, అంటే ఒకరికి మామ, ఒకరికి తండ్రి. షాపులు తెరిచిన రోజున బల్ల దింపించి, ఇద్దరూ ఎదుట నిలబడి ఉండగా, "ఇది మీకు" అన్నాడు. అని టీ తాగి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకి లోకంలోంచే వెళ్ళిపోయాడు.

"మామ కన్నకొడుకుని ఏనాడైనా 'మీరు' అన్నాడా? 'ఒరేయ్' అనేవాడు. 'మీకు' అన్నాడంటే అల్లుడికి మర్యాద ఇచ్చినట్టు. కాబట్టి బల్ల నాది" అని బావ వాదన.

"ఎదురుగా ఇద్దరం ఉన్నాం. ఇద్దరుంటే 'మీకు' అనక 'నీకు' అంటారా? బల్ల ఇద్దరిదీ" అని బావమరిది.

సాక్ష్యం చెప్పాల్సిన ఆవిడేమో, "అప్పుడు నేను టీ కాస్తున్నాను. నన్నడక్కండి" అంటుంది.

సూదులమ్మ నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టి, కాగితం ముందేసుకుని, ఇదంతా రాసింది. ఒక కాగితం నిండింది. ఇంకోటి తీసింది. ఇన్నేళ్ళుగా కిటికీలోంచి ఎదురుగా చూస్తూ ఊఁ అని ఊరుకున్నదంతా కలంలోంచి జారింది. తనకి ఇన్ని మాటలు వచ్చని ఆవిడకే తెలీదు. చివర "మేజోళ్ళు పంపడం లేదు" అని కూడా రాసింది.

కొండ మీద నుంచి జవాబు బరువుగా వచ్చింది. శిబిరం రెండుగా చీలిపోయిందట. వంటాయనా, వైర్‌లెస్ అతనూ, ఇంకొందరూ బావ పక్షం. నిచ్చెన నాయకత్వాన మిగిలినవాళ్ళు బావమరిది పక్షం. మర్యాద ఏకవచనమా, మామూలు బహువచనమా అని తిండి దగ్గర కూడా అదే గొడవ. ఉత్తరాలన్నీ ముందు ఆఫీసరుగారు చదివి, రహస్యాలేవీ లేవని చూసి పంపాలి. ఆయన ఎటూ మాట్లాడని మనిషి. అయితే ఉత్తరం అంచున ఎర్రసిరాతో చిన్న ప్రశ్న ఉంది. "'మీకు' అన్నప్పుడు పెద్దాయన ఎవరివైపు చూశారు?"

సూదులమ్మ రోడ్డు దాటి వెళ్ళి ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. నావైపే అన్నారు ఇద్దరూ. విషయం తెలిసి సెలూనాయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

"సైన్యంలో నా వైపు మనుషులున్నారా అక్కా?"

"ఊఁ."

"నాయకుడు కూడా ఉన్నాడా?"

"నిచ్చెన."

ఆ నెల పార్సిల్‌లోకి సెలూనాయన బ్లేడ్లూ, పౌడరూ, జుట్టు కత్తిరించే మిషనూ తెచ్చి ఇచ్చాడు. "మా పక్షం వాళ్ళకి" అన్నాడు. అది కిటికీలోంచి చూసిన బావ, మధ్యాహ్నానికల్లా పంక్చర్లకి వేసే జిగురు గొట్టాలు, రబ్బరు ముక్కలు ఒక సంచీడు తెచ్చాడు. "బూట్లలోకి మంచు నీళ్ళు దిగకుండా అతికించుకోమను చెల్లెమ్మా. రెండు పక్షాలకీ ఇమ్మను. నేను కొందరిలాంటి మనిషిని కాను" అన్నాడు. బావమరిది చెవిన పడేలాగే అన్నాడు. మర్నాడు బావమరిది ఇంకో డబ్బా పౌడరు తెచ్చి, "ఇది బావ పక్షం వాళ్ళకి. వాళ్ళూ మనుషులే కదా" అన్నాడు. అలా ఉప్పూ నిప్పూ పోటీ పడ్డ కొద్దీ పార్సిల్ లావెక్కింది. ఆ వీధి నుంచి సైన్యానికి అంత సరుకు ఏ దేశభక్తి వల్లా వెళ్ళలేదు.

ఎండలు మొదలయ్యే వేళకి తగువు తాడో పేడో అనే దాకా వచ్చింది. బల్లని సగానికి కోసేద్దామని పెళ్ళాం ద్వారా బావ కబురు పెట్టాడు. సరేనని అక్క ద్వారా బావమరిది ఒప్పుకున్నాడు. అద్దెకి దొరికిన రంపం రెండు పిడుల రంపం. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెరో పిడీ పట్టుకుని, నువ్వు లాగితే నేను వదులుతా, నేను లాగితే నువ్వు వదులు అన్నట్టు, ఒక్క మాట లేకుండా, ఎక్కడా లయ తప్పకుండా కోశారు. కొన్నేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. చాలా చక్కగా చేశారు.

బల్ల రెండైంది. నాలుగు కాళ్ళ బల్లని మధ్యలో కోస్తే ఒక్కోదానికీ రెండేసి కాళ్ళు, అవీ ఒకే కొసన మిగుల్తాయనే సంగతి కోశాక తెలిసింది. రెండు ముక్కలూ ఒకేసారి ముక్కు నేలకి కొట్టుకున్నాయి. ఇద్దరూ కాసేపు చూశారు. తర్వాత ఎవరి ఇటుకలు వాళ్ళు తెచ్చుకుని ఎవరి ముక్క కింద వాళ్ళు పెట్టుకున్నారు.

ఇది రాసి పంపిన ఉత్తరాన్ని కొండ మీద మూడుసార్లు చదివించుకున్నారట. ఆ తర్వాత సూదులమ్మ పేర సైన్యం నుంచే ఒక పార్సిల్ వచ్చింది. పోస్టాఫీసు గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కణ్ణించి ఏం పంపారమ్మా?"

"కాళ్ళు."

గుమాస్తా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బల్లవి" అంది సూదులమ్మ.

నిచ్చెన సైన్యంలో చేరకముందు వడ్రంగి పని నేర్చుకున్నాడట. సామాను పెట్టెల చెక్కతో తన పక్షం బల్లకి రెండు కాళ్ళు చెక్కి, గచ్చకాయల్లా నున్నగా తోమి పంపాడు. సెలూనాయన ఇటుకలు తీసి అవతల పారేసి వాటిని బిగించాడు. బల్ల నిలబడింది. అయితే ఒక కాలు కొంచెం పొట్టి. గడ్డం గీయించుకోడానికొచ్చి కూర్చున్నవాళ్ళు ఉయ్యాల ఊగినట్టు ఊగేవారు. కింద అట్టముక్క పెట్టమని ఎందరో చెప్పారు. "యుద్ధభూమి నుంచి వచ్చిన కాలండీ. దాని కింద అట్టముక్క పెడతానా?" అన్నాడు.

ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

మొదట రోడ్లు బాగా లేవేమో అనుకున్నారు. తర్వాత రేడియోలో ఆ కొండల పేర్లు వినబడ్డం మొదలైంది. సూదులమ్మ రేడియో పెట్టేది కాదు. మిషను చప్పుడులో వినపడదని అనేది. ఒకరోజు ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపూ, ఎడమ చెయ్యి కుడివైపూ కుట్టింది. ఇస్త్రీ చేస్తుంటే కనబడింది. విప్పి మళ్ళీ కుట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ, లోపల ఏదో దారం తెగి కొస దొరకనట్టు ఉండేది.

సెలూనాయన గుండీ ఊడిన చొక్కా పట్టుకుని వచ్చేవాడు. ఆ గుండీ దానంతట అది ఊడింది కాదని, పీకిందని చూస్తే తెలుస్తుంది. "ఏమైనా తెలిసిందా అక్కా?" అనేవాడు. ఊఁహూఁ. అతను వెళ్ళాక బావ వచ్చేవాడు, పొట్టి చెయ్యమంటూ, ఇప్పటికే పొట్టిగా ఉన్న లాగు పట్టుకుని. "కబురేమైనా..." ఊఁహూఁ. మళ్ళీ మర్నాడు ఇంకో గుండీ. కొన్నాళ్ళకి సెలూనాయన చొక్కాలన్నిటికీ కొత్త గుండీలూ, బావగారి లాగులన్నీ మోకాళ్ళ దాకానూ వచ్చాయి.

ఒకరోజు సాయంత్రం ఆవిడ ఆఖర్న పంపిన పార్సిల్ వాపసు వచ్చింది. పైన ఒక ముద్ర. 'చిరునామాదారు ఇక్కడ లేరు.' కుట్టు ఎవరూ విప్పలేదు. గుమాస్తా ఆ రోజు హాస్యమాడలేదు. తనే మోసుకొచ్చి మిషను పక్కన పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

సూదులమ్మ కుట్టు విప్పడానికి కూర్చుంది. తన కుట్టు తను విప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. లోపల సబ్బులు సబ్బుల్లాగే ఉన్నాయి. బిస్కెట్లు పొడుం పొడుం అయ్యాయి. ఆవిడ ఆ పొడుం పొట్లం పట్టుకుని కూర్చుని ఉండగా బావా బావమరిదీ ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. ఒకరికొకరు దారి ఇవ్వకుండా గుమ్మంలో ఇరుక్కున్నారు కాసేపు. తర్వాత ముద్ర చూశారు. గుండీ గురించిగానీ లాగు గురించిగానీ ఎవరూ ఎత్తలేదు.

"లేరు అంటే వేరే చోటుకి మార్చారని కూడా అర్థమేనమ్మా" అన్నాడు బావ.

"ఊఁ" అంది. నోట్లో సూదులు లేవు, అయినా అంతే అంది.

"అదే అయ్యుంటుంది" అన్నాడు బావమరిది, సూదులమ్మ వంక చూస్తూ. బావ మాటని అతను ఒప్పుకోవడం అదే మొదలు.

నిజానికి అదే అయింది. పది పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. శిబిరాన్ని ఖాళీ చేయించి వేరే చోటికి పంపారట. వాడు క్షేమం. కుడి చేతికి దెబ్బ తగిలింది కాబట్టి ఎడం చేత్తో రాస్తున్నాడట. అక్షరాలు కోడి గెలికినట్టు ఉన్నాయి. సూదులమ్మ 'క్షేమం' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత మిగతాది చదివింది. "నిచ్చెన అన్న పోయాడు పిన్నీ. మేం దిగి వచ్చేసే రోజున. ఆయనకి తండ్రి తప్ప ఎవరూ లేరు. ఆయనా వడ్రంగే. తండ్రికి చదువు రాదు కాబట్టి కొడుకు ఉత్తరాలు రాసేవాడు కాదు, కొడుక్కీ వచ్చేవి కావు. నాకు ఇప్పట్లో సెలవు దొరకదు. ఎవరైనా వెళ్ళి ఆయనకి కనబడితే బాగుంటుంది." కింద ఊరి పేరూ, ఇంటి గుర్తులూ ఉన్నాయి.

సూదులమ్మ రోడ్డు దాటి వెళ్ళి సెలూనాయనకి చెప్పింది. అతను కుర్చీలో ఉన్న మనిషికి సగం గీసిన గడ్డం పూర్తి చేశాడు. మొహం తుడిచాడు. ఆ మనిషి వెళ్ళాక షట్టర్ దించాడు. తన జన్మలో ఎన్నడూ చూడని మనిషి కోసం ఆ రోజంతా షాపు తెరవలేదు. సైకిల్ షాపు కూడా తెరవలేదు. బావ పక్షంలో ఎవరూ పోలేదే అని ఎవరో అనబోతే, బావగారి భార్య వాళ్ళని చూసిన చూపుకి మాట నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు బావ తిన్నగా సెలూన్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తాడు. వీధి వీధంతా పనులు మానుకుని చూసింది. బావమరిది కత్తి నూరాడు. గొంతు మీద ఆనించాడు. అంత నున్నగా ఆ వీధిలో ఎవరికీ ఎప్పుడూ గీయలేదు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. బావ లేచి చెంప తడుముకుని బయటికొచ్చాడు.

ఆ వారంలోనే సూదులమ్మ బస్సెక్కింది. నేనూ వస్తానని సెలూనాయన వచ్చాడు. అతను వెళ్తే నేనెందుకు ఆగాలని బావ వచ్చాడు. ఒకడు ముందు సీట్లో, ఒకడు వెనక సీట్లో, మధ్యలో సూదులమ్మ.

ఇల్లు సులువుగానే దొరికింది. ముందు గదంతా వడ్రంగి కొట్టు. గోడకి ఉలులు, బాడిసెలు, మూలన కొయ్య రజను. నిచ్చెన తండ్రి పెద్దాయన, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. వాళ్ళని కూర్చోమనలేదు. ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు.

"ఇంతకుముందు సర్కారువాళ్ళు వచ్చారు. మీరు ఆ బాపతేనా?"

"కాదండీ" అంది సూదులమ్మ.

"మరి మావాడికి మీరేమవుతారు?"

సెలూనాయన గొంతు సవరించుకున్నాడు.

"మీవాడు నా పక్షమండీ."

"దేంట్లో?"

"బల్ల విషయంలో."

పెద్దాయన చేతిలో ఉలి పక్కన పెట్టి, మూడు పీటలు లాగి, "చెప్పండి" అన్నాడు.

బావా బావమరిదీ ఇద్దరూ సూదులమ్మ వంక చూశారు. ఆవిడ గోడ వంక చూసింది. చెప్పింది. బావగారి మామ "ఇది మీకు" అన్న దగ్గర్నించి మొదలుపెట్టి, ఎగిరొచ్చిన వెంట్రుకలు, ఎర్రసిరా ప్రశ్న, పౌడరు డబ్బాలు, రెండు పిడుల రంపం, ముక్కు నేలకి కొట్టుకున్న రెండు ముక్కలు, అన్నీ వరసపెట్టి చెప్పింది. కాగితం మీద రాయడం వేరు, మనిషిని ఎదురుగా పెట్టుకుని చెప్పడం వేరు. మధ్యలో నీళ్ళడిగి తాగి మళ్ళీ చెప్పింది. పక్కనున్న ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు, అది తమ కథ కానట్టు.

పెద్దాయన నవ్వలేదు. ఒక దగ్గర మాత్రం ఆపాడు.

"కాళ్ళు చెక్కి పంపాడా?"

"పంపాడండీ" అన్నాడు సెలూనాయన. "రెండూ బిగించాను. బల్ల బాగా నిలబడింది."

"సమంగా ఉన్నాయా?"

సెలూనాయన సూదులమ్మని చూశాడు, బావని చూశాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది. అంత పనితనం ఉన్న చేతులు ఎదురుగా ఉంటే బయటికి రాలేదు.

"ఒకటి కొంచెం పొట్టండీ."

"అయితే మావాడిదే" అన్నాడు పెద్దాయన. "ఎన్నిసార్లు చెప్పానో. కొలిచి కొయ్యరా అంటే, కోసి కొలిచేవాడు."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ సర్దాల్సిన అవసరం లేని ఉలుల్ని సర్దుతూ నిలబడ్డాడు. వీపు ఇటు. వీళ్ళు ముగ్గురూ నేల మీది కొయ్య రజను చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆయనే తిరిగాడు.

"వాణ్ణక్కడ ఏమని పిలిచేవారు?"

"నిచ్చెన అనేవారటండీ" అంది సూదులమ్మ.

"ఇక్కడ పొట్టోడు అనేవాళ్ళం. చాలా ఆలస్యంగా పెరిగాడు." వచ్చి కూర్చున్నాడు. "ఈ తగువులో మాత్రం మావాడిది తప్పు. మామ అల్లుడికి 'మీరు' అనే అంటాడు. బల్ల అల్లుడిదే."

తీర్పు తనవైపే వచ్చింది. దాని కోసం బావ కొన్నేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. కానీ ఆయన మొహం చూస్తే గెలిచినవాడిలా లేదు, మింగలేక కక్కలేక అవస్థపడుతున్నవాడిలా ఉంది.

"లేదండీ" అన్నాడు చివరికి. "మీ అబ్బాయి చెప్పిందే సబబు. అది బహువచనమే. మామయ్య ఇద్దరివైపూ చూశాడు. నేను చూశాను."

"అదేంటి బావా!" అన్నాడు బావమరిది. "నీవైపే చూశాడు. నాకూ తెలుసు."

"నువ్వూరుకోరా. నీకేం తెలుసు."

"నాకు తెలీదా? పక్కనే ఉన్నాను!"

కొన్నేళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్నారు, అదీ బల్ల నీదంటే నీదని. మధ్యలో చెప్పడానికి బావగారి పెళ్ళాం లేదు కాబట్టి తిన్నగానే అనుకోవాల్సొచ్చింది. పెద్దాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మావాడు ఇక్కడుంటే బాగుండేది. వాడికి ఇలాంటివి ఇష్టం" అన్నాడు. అని లోపలికెళ్ళి టీ పెట్టాడు.

వెళ్ళేటప్పుడు బస్సు దాకా వచ్చాడు. దారిలో ఎవరో అరుగు మీంచి ఎవరీ చుట్టాలని అడిగారు. "మావాడి పక్షం వాళ్ళు" అన్నాడు. బావ దిద్దలేదు. బస్సు కదిలేముందు పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, ఇటుకల మీదున్న ఆ రెండో ముక్క పట్టుకొస్తే కాళ్ళు చేసి పెడతానన్నాడు. కొలిచే చేస్తానన్నాడు.

తర్వాతి నెలలో బావ తన సగం బల్ల మోసుకుని బయల్దేరాడు. ఒక మనిషి మోసేది కాదు కాబట్టి బావమరిది రెండో కొస పట్టుకున్నాడు. బస్సు కండక్టరు బల్లకి టికెట్టు తీసుకోవాలన్నాడు. సగం బల్లే కదా, సగం టికెట్టు చాలన్నాడు బావ. సగమైనా నిండైనా బల్ల బల్లేనన్నాడు కండక్టరు. "సగం మనిషిని ఎక్కించుకుని నిండు టికెట్టు కొడతావా?" అని బావమరిది లేచాడు. బావ అందుకున్నాడు. ఒకరు ఆపితే ఒకరు అందుకుంటూ ఊరొచ్చేదాకా ఇద్దరూ కలిసి కండక్టర్ని ఊపిరి తీసుకోనివ్వలేదట.

సూదులమ్మ అదంతా మాట పొల్లుపోకుండా రాసి కొత్త చిరునామాకి పంపింది. జవాబు వచ్చింది. చెయ్యి నయమైంది, అక్షరాలు మళ్ళీ అక్షరాల్లా ఉన్నాయి. కొత్త చోట అందరూ కొత్తవాళ్ళేనట. కథ మొదట్నించీ చెప్పాల్సి వచ్చిందట. "నిచ్చెన అన్న గురించి కూడా చెప్పాను పిన్నీ. అందరూ విన్నారు. తర్వాత ఏమైందో తొందరగా రాయి. ఇక్కడ కండక్టరు పక్షాన కూడా ఇద్దరు తేలారు."